మద్దెల తప్పా, దుత్త తప్పా?

1

నింద గురించి తెలుగులో రెండు సామెతలున్నాయి. ఆడలేక మద్దెల వోడు అనడం ఒకటి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం రెండోది. మాటల్లో మనం ఈ రెంటినీ ఒకే సందర్భంలో వాడేస్తుంటాం. తన తప్పు ఇతరుల మీదికి నెట్టే మనిషిని వెక్కిరించడానికి ఏది గుర్తొస్తే అది అనేస్తాం. కాస్త ఆగి చూస్తే ఇవి ఇద్దరు వేర్వేరు మనుషుల కథలు. మద్దెలను తప్పు పట్టినవాడికి ఆడడం రాదు. ఆ సంగతి ఒప్పుకుంటే పరువు పోతుంది గనుక మద్దెల మీదికి నెట్టాడు. దుత్తను విసిరికొట్టిన కోడలికి తప్పెవరిదో బాగా తెలుసు. అత్తను నిలదీసే అధికారం ఆమెకు లేదు. చేతికందింది దుత్త.

మనుషులు తమ బాధ్యతను ఒప్పుకోకుండా ఇతరులను ఎందుకు నిందిస్తారన్న ప్రశ్నకు నీతిబోధకులు ఎప్పుడూ ఒకే జవాబిస్తారు: మానవ స్వభావం అంతేనంటారు. స్వభావమే అయితే అక్కడితో విమర్శకు పని వుండదు, సాహిత్యానికీ వుండదు. కాని మద్దెలను నిందించేవాడి వెనకా, దుత్తను కొట్టే మనిషి వెనకా వున్న సామాజిక స్థానాలు ఒకటి కావు. ఈ తేడాను మన సాహిత్యం ఎంతవరకు పట్టుకుంది? ముఖ్యంగా అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం ఎంతవరకు పట్టుకున్నాం? ఈ ప్రశ్నను వరంగల్‌లో కూర్చుని వేసుకోవడానికి ప్రత్యేక కారణం వుంది. 1997-98 పత్తి సీజనులో ఈ జిల్లా పల్లెల్లో జరిగిన రైతుల చావుల గురించి అప్పటినుంచి మనం రాస్తూనే వున్నాం. ఆ చావులకు ఎవరు బాధ్యులో మన కథలు సరిగ్గా చెప్పాయా అన్నది ఇప్పటికీ తేలని లెక్క.

2

ముందు మద్దెల సంగతి చూద్దాం. 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శితమైంది. 1909లో గురజాడ దాన్ని పెంచి, చాలావరకు తిరగరాసి అచ్చువేశాడు. నాటకం ముగింపులో గిరీశం అనే మాట తెలుగు చదివినవాళ్లందరికీ కంఠతా వచ్చు. తన ఎత్తులు బయటపడి, సౌజన్యారావు పంతులు ముందు దొరికిపోయిన క్షణంలో కూడా అతను తనను తాను ఏమీ అనుకోడు. కథనే తప్పు పడతాడు. అందరం నవ్వుతాం. తన బతుకులో తాను కర్త కాదనీ, తెలివిగా వేషం వేస్తున్నవాణ్ణి మాత్రమేననీ అనుకునే కొత్త చదువుల మనిషి మనస్తత్వాన్ని గురజాడ ఆ ఒక్క మాటలో పట్టుకున్నాడు.

గిరీశాన్ని చూసి నవ్వి వూరుకోవచ్చు. గోపీచంద్ 1940లలో రాసిన 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావుతో అలా కుదరదు. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చెప్పి పోయిన మాట నెత్తిన పెట్టుకుని, వున్న ఆస్తిని దానాలకూ డాబుకూ కరగబెట్టిన మనిషి అతను. ఆస్తి వున్నంతకాలం తన ఔదార్యం తన గొప్ప. ఆస్తి పోయాక లోకం మోసకారి, బంధువులు స్వార్థపరులు, సంఘం కుళ్లిపోయింది. చివరికి ఇంట్లో మిగిలిన భార్య ఇందిర దోషి అవుతుంది. నింద బయటినుంచి లోపలికి, పెద్దవాళ్లనుంచి చిన్నవాళ్ల మీదికి దిగుతూ వస్తుంది. ఎవరూ మిగలనప్పుడు అతను శ్మశానానికి వెళ్లి తనను తాను నాశనం చేసుకుంటాడు.

ఈ నవలను తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు ఆద్యమని పాఠాల్లో చెబుతుంటారు. అంతమాత్రం చెప్పి వదిలేస్తే సీతారామారావు రోగి అవుతాడు, మనం ఆరోగ్యవంతులమవుతాం. గోపీచంద్ చూపించింది ఒక రోగిని మాత్రమే కాదు, విలువను వారసత్వంగా పొందిన మనిషిని. అలాంటి మనిషికి మంచి జరిగితే అది వంశం గొప్ప. చెడు జరిగితే లోకం తప్పు. మధ్యలో 'నేను చేశాను' అనడానికి చోటు లేదు. తప్పు ఒప్పుకుంటే తానొక్కడే తగ్గడు, ఏడు తరాలూ తగ్గుతాయి. సంఘం కుళ్లిపోయిందని అతననే మాటలో నిజం లేకపోలేదు. ఆ నిజాన్ని అతను దేనికి వాడుకుంటున్నాడన్నదే ప్రశ్న. నిజమైన విమర్శ కూడా సాకుగా పనికొస్తుందని మనకు మొదట నేర్పిన పాత్ర సీతారామారావు. ఇది అభ్యుదయ రచయిత మరిచిపోకూడని పాఠం.

3

సీతారామారావు మనస్తత్వానికి తెలంగాణలో ఇంకో మూలం కూడా వుంది. దొరల పెత్తనం సాగినకాలంలో వూళ్లో తప్పొప్పులు గడిలో తేలేవి. తప్పు ఎవరిదైనా దండుగ కట్టేది కిందివాడే. పశువు దొర చేనులో పడితే పాలేరు తప్పు, దొర పశువు పేదవాడి చేనులో పడితే కంచె వేసుకోని పేదవాడి తప్పు. చేతులు కట్టుకుని 'తప్పయింది, నీ బాంచెన్' అనడం కిందివాడి భాష. దొర నోట ఆ మాట విన్నవాళ్లు లేరు. తరతరాలుగా తప్పు ఒప్పుకోవడమంటే లొంగిపోవడమేనని నేర్చుకున్న సమాజం ఇది. అలాంటి చోట ఎవడు మాత్రం తనంతట తాను తప్పు ఒప్పుకుంటాడు? దొరతనం పోయి, గడులు కూలి, ఆఫీసులూ కాలేజీలూ సంఘాలూ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. తప్పు ఒప్పుకున్న మేనేజరును మనం నిజాయితీపరుడని అనం, చేతగానివాడంటాం.

నింద వాలునుబట్టి పారుతుంది. బాధ్యత తీసుకుంటే ఖర్చవుతుంది: డబ్బు, పరువు, పదవి, ఏదో ఒకటి పోతుంది. ఆ ఖర్చును కిందికి నెట్టగలిగినవాడు నెడతాడు. కింద ఎవరూ లేనివాడు తన మీద వేసుకుంటాడు, లేదా తనకన్నా బలహీనమైన ఆడమనిషి మీదా పిల్లల మీదా వేస్తాడు. మద్దెలకూ దుత్తకూ తేడా ఇక్కడే వుంది.

4

1997-98లో వరంగల్ జిల్లాలో ఈ వాలు కళ్లకు కట్టినట్టు కనిపించింది. అంతకుముందు పది పదిహేనేళ్లలో జొన్న, పెసర, కంది వేసుకునే మెట్ట చేలల్లోకి పత్తి వచ్చింది. చెరువులు దెబ్బతిన్నాయి, బోర్లు లోతుకు పోయాయి. పెట్టుబడి పెరిగింది. బ్యాంకు అప్పు అందని రైతుకు పురుగుమందుల దుకాణమే బ్యాంకు, ఆ దుకాణదారే వ్యవసాయ శాస్త్రవేత్త. విత్తనమూ ఎరువూ మందూ అన్నీ ఉద్దెరే. పంట వచ్చాక అసలూ మిత్తీ కింద పత్తిని ఆయనకే, ఆయన చెప్పిన ధరకే పోయాలి. ఆ ఏడు కాలంకాని వానలు పడ్డాయి, లద్దెపురుగు విరుచుకుపడింది. పదేపదే కొట్టిన మందులకు పురుగు లొంగలేదు. దిగుబడి పడిపోయింది. పంట మీద చల్లడానికి తెచ్చిన మందునే రైతులు తాగారు. ఆ సీజనులో రాష్ట్రంలో ఎక్కువ చావులు నమోదైన జిల్లాల్లో వరంగల్ ముందుంది.

అప్పుడు ఎవరేమన్నారో గుర్తు చేసుకుందాం. మందు సరైనదే, మోతాదు తప్పిందని తయారీదార్లన్నారు. మేం అమ్మేవాళ్లమే గాని చేసేవాళ్లం కాదని దుకాణదార్లన్నారు. ఆశకు పోయి అందరూ పత్తే వేస్తే ఎవరేం చేస్తారని అధికారులన్నారు. మార్కెట్‌లో కాంటా దగ్గర పత్తిలో తేమ వుందని ధర తగ్గించినవాళ్లు ధర తమ చేతిలో లేదన్నారు. తాగుడనీ, ఇంట్లో తగాదాలనీ కొందరు పెద్దమనుషులన్నారు. ఈ మాటల్లో ఒక్కటీ పూర్తి అబద్ధం కాకపోవచ్చు. కాని అన్నీ ఒకే దిక్కుకు పారాయి. అందరి వేళ్లూ రైతువైపే చూపాయి.

రైతు మాత్రం ఎవరివైపు వేలు చూపాడు? ఎక్కువమంది ఎవరివైపూ చూపలేదు. తన ఖర్మ అనుకున్నారు. ఇంకా సూటిగా చెప్పాలంటే అప్పు తీర్చలేకపోవడం తన తప్పనుకున్నారు. షావుకారు ఇంటిముందుకొచ్చి నలుగురిలో నిలదీస్తే తల ఎత్తుకోలేకపోయారు. బాధ్యత తీసుకోవడమే గొప్ప గుణమని మనకు బోధించేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. ఆ గొలుసు మొత్తంలో బాధ్యతను పూర్తిగా నెత్తిన వేసుకున్నవాడు ఒక్కడే, వాడే చచ్చిపోయాడు.

నింద అతనితో కూడా ఆగలేదు. 'ఆమె కాలు పెట్టిన వేళ' అని భార్యను అన్నవాళ్లున్నారు. మొగుణ్ణి కాచుకోలేకపోయిందన్నారు. దుత్త ఎవరో ఇక్కడ వేరే చెప్పనక్కరలేదు. అప్పు కూడా ఆమెకే మిగిలింది. 2004లో ప్రభుత్వం జీవో 421 కింద చనిపోయిన రైతుల కుటుంబాలకు సాయం ప్రకటించినప్పుడు, ఆ చావు అప్పులవల్లనే జరిగిన 'నిజమైన' రైతు ఆత్మహత్య అని అధికారుల బృందం తేల్చాల్సి వచ్చింది. ఉద్దెర ఖాతా దుకాణంలో వుంటుంది, చేతిలో కాగితం వుండదు. కౌలుదారుకు పట్టా వుండదు. పట్టా భర్త పేరనో మామ పేరనో వున్న స్త్రీ చనిపోతే ఆమెను రైతుగా లెక్కించడమే కష్టం. చచ్చినవాడు తన చావుకు తాను కారణం కాదని చచ్చాక రుజువు చేసుకోవాలి! 2004లో ఏర్పడిన జయతీ ఘోష్ అధ్యక్షతలోని రైతు సంక్షేమ కమిషన్ సంక్షోభానికి ప్రధాన కారణం ప్రభుత్వ విధానాలేనని స్పష్టంగా చెప్పింది. ఆ మాట నివేదికలో వుంది. నివేదికలో తేలిన బాధ్యతకు దండుగ కట్టినవాళ్లు ఎవరూ కనబడరు.

5

ఇప్పుడు మన కథలకు వద్దాం. ఆ చావుల మీద వందలకొద్దీ కథలూ కవితలూ వచ్చాయి. ఆవేదనలో నిజాయితీ వుంది, సందేహం లేదు. అయితే వాటిలో చాలావాటి నిర్మాణం ఒకటే. మొదటి పేరాలో ఎండిన చేను. తర్వాత అప్పులవాడు. నడుమ పెళ్లికెదిగిన బిడ్డ. చివర మందు డబ్బా. ఆ చివరనో, దానికి కాస్త ముందో, రచయిత గొంతుతో ఒక వాక్యం: ఈ చావుకు కారణం వ్యవస్థ.

వ్యవస్థే కారణమన్నది సత్యం. కాని కథలో అది ఏం పని చేస్తున్నదో చూడాలి. మన తాతల కథల్లో 'తలరాత' చేసిన పనే చాలాసార్లు మన కథల్లో 'వ్యవస్థ' చేస్తున్నది. తలరాతకు ముఖం లేదు, చిరునామా లేదు, సంతకం లేదు. మనం రాస్తున్న వ్యవస్థకూ లేవు. ఉద్దెర ఖాతాలో అంకె మార్చినవాడికి పేరు వుంటుంది. తేమ పేరుతో ధర కోసినవాడికి దుకాణం నెంబరు వుంటుంది. అప్పు దరఖాస్తును మూడుసార్లు తిప్పి పంపిన కాగితం మీద సంతకం వుంటుంది. ఈ మనుషులంతా కలిసి, ఎవరి పనిలో వాళ్లు, ఎవరి లాభానికి వాళ్లు, చాలామంది పెద్ద దుర్మార్గమేదీ తలపెట్టకుండానే, నడిపేదాన్నే వ్యవస్థ అంటాం. వాళ్లను తీసేసి వ్యవస్థ అన్న మాట ఒక్కటే మిగిల్చితే వాళ్లందరికీ క్షమాపత్రం రాసి ఇచ్చినట్టు అవుతుంది. ఆ కథ చదివి దుకాణదారు కూడా కన్నీళ్లు పెట్టుకోగలడు.

దీనికి భిన్నమైన దారి తెలుగులో ఎప్పుడో పడింది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964లో వచ్చింది. అది కూడా అప్పు కథే. అందులో దుర్మార్గుడైన విలన్ లేడు. శ్రీరాములునాయుడు వూరి మంచి కోరినవాడు, ధర్మం తెలిసినవాడు. అప్పిచ్చిన వర్తకుడు లెక్క తప్పలేదు. అప్పల్రాముడు మాట తప్పనివాడు. పంచాయితీలో అందరూ న్యాయంగానే మాట్లాడతారు. ఆ న్యాయమే ఒక కుటుంబాన్ని బానిసత్వంలోకి నెట్టబోతున్నదని పాఠకుడికి మెల్లగా తెలిసివస్తుంది. చివర కొడుకు సీతారాముడు తన పసికందునే చంపుకోవడం చదివి వులిక్కిపడని పాఠకుడు లేడు. ఆ ముగింపు మీద దశాబ్దాలపాటు చర్చ జరిగింది. ఆ ముగింపును ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒక సంగతి కాదనలేం. 'యజ్ఞం'లో పేద మనుషులు పరిస్థితులకు కొట్టుకుపోయే పుల్లలు కారు. ఒప్పుకునేవాడు తెలిసి ఒప్పుకుంటాడు, ఎదురు తిరిగేవాడు తెలిసి తిరుగుతాడు. వాళ్ల నిర్ణయాలు కనిపిస్తాయి గనుకే, ఆ నిర్ణయాలను అంత ఇరుకులోకి నెట్టిన వ్యవస్థ కూడా కనిపిస్తుంది.

బ్రెహ్ట్‌కు ఇలాంటి అనుభవమే ఎదురైంది. యుద్ధంలో సరుకులమ్ముకుని బతుకుతూ అదే యుద్ధానికి పిల్లలను పోగొట్టుకున్న తల్లి కథ 'మదర్ కరేజ్'. 1941లో జూరిచ్‌లో ప్రదర్శించినప్పుడు చూసినవాళ్లు ఆ తల్లి దుఃఖానికి కరిగిపోయారు. యుద్ధంలో ఆమెకున్న వాటాను చూడలేదు. బ్రెహ్ట్ సంతృప్తి పడక కొన్ని దృశ్యాలు మార్చాడు, ఆమె బేరసారాలు మరింత కొట్టొచ్చినట్టు కనబడేలా చేశాడు. ఆమెను తిట్టడానికి కాదు. ప్రేక్షకుడు జాలిపడి ఇంటికి వెళ్లిపోకుండా, యుద్ధం ఎవరెవరి చేతులమీదుగా నడుస్తుందో ఆలోచించడానికి.

6

ఇంకో పక్షపాతం కూడా మనలో వుంది. అంతరంగమూ అపరాధభావమూ మధ్యతరగతి పాత్రలకిస్తాం, రైతుకూ కూలీకీ 'పరిస్థితులు' ఇస్తాం. 1969లో పుస్తకంగా వచ్చిన నవీన్ 'అంపశయ్య' మన వరంగల్ రచయిత నవల. ఉస్మానియా హాస్టల్లో చదువుకునే పేద పల్లెటూరి కుర్రవాడు రవి ఒక్కరోజు ఆలోచనలే ఆ నవల. పేదరికం, న్యూనత, సిగ్గు, కోరిక అతని మనసులో ఒకదాన్నొకటి పొడుస్తుంటాయి. లోకాన్ని నిందించడానికీ తనను తాను నిందించుకోవడానికీ మధ్య అతను గంటగంటకూ వూగుతుంటాడు. ఇలాంటి నవలను వ్యక్తివాదమన్న ఒక్కమాటతో పక్కకు పెట్టడం మనకు తేలిక. నేను దాన్ని మరోలా చదువుతాను. రవి తండ్రిలాంటి రైతుకు కూడా అలాంటి ఒక రోజు వుంటుంది. మందు డబ్బా చేతిలోకి తీసుకునే ముందు అతను ఎవరిని తిట్టుకున్నాడు, ఎవరికి క్షమాపణ చెప్పుకున్నాడు, ఏ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నాడు? ఆ రోజును అంత ఓపికగా రాసిన నవల రావలసే వుంది.

దాన్ని రాయాలంటే రాసేవాడు తన స్థానం చెప్పుకోవాలి. మనలో ఎక్కువమందిమి ఉద్యోగాలొచ్చి హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన రైతుల పిల్లలం. వూళ్లో భూమి వుంది, కౌలుకిచ్చాం. నా పేరా మూడెకరాలున్నాయి. కౌలు డబ్బు పంట చేతికి రాకముందే తీసుకుంటున్నాను. పంట పోయిన ఏడు తగ్గించమని అతను అడగలేదు, నేనూ తగ్గించలేదు. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకు ఇవ్వలేదు. ఆ డబ్బు నా ఖాతాలో పడింది. విధానం తప్పని సభల్లో మాట్లాడాను, డబ్బు మాత్రం వుంచుకున్నాను. అంటే సీతారామారావు ఎక్కడో లేడు. వ్యవస్థ మీద నేను చేసిన విమర్శ నిజమే. దాన్ని నేనూ సాకుగానే వాడుకున్నాను.

ఇది గుండెలు బాదుకోవడానికి చెప్పడం లేదు. అపరాధభావం కూడా ఒక సుఖమే. కన్నీరు కార్చి లెక్క మూసేయవచ్చు. తప్పు వేరు, బాధ్యత వేరు. తప్పు జరిగిపోయినదాని గురించి. బాధ్యత ఇకముందు చెయ్యవలసినదాని గురించి. పత్తి ధర నేను నిర్ణయించలేదు, ఆ తప్పు నాది కాదు. కౌలు ఎంత, ఎప్పుడు తీసుకోవాలన్నది నా చేతిలో వుంది. ఎవరి చేతిలో ఎంత వుందో అంతకు వాళ్లు జవాబుదారీ. అందరిదీ సమానమైన తప్పని చెప్పేవాడు పెద్ద దోషిని కాపాడుతున్నాడు. ఎవరిదీ కాదు, వ్యవస్థది అని చెప్పేవాడూ ఆ పనే చేస్తున్నాడు.

కాళోజీ నారాయణరావు తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నాడు. అందులో వున్నదంతా ఊరి గొడవ, జనం గొడవ. దాన్ని 'నాది' అన్నాడు. నిజాం కాలంలో జైలుకు పోయినా, తర్వాతి పాలకులను ఎదిరించినా, ఆ 'నా' అన్న మాట వదల్లేదు. పాలకుణ్ణి నిలదీసిన గొంతుతోనే ఓటు విలువ మరిచిన ఓటరునూ నిలదీశాడు. తిట్టినప్పుడు తనను బయట పెట్టుకుని తిట్టలేదు. అందుకే ఆయన తిడితే జనానికి కోపం రాలేదు.

రైతు చావుల కథ రాయబోయే యువ రచయితలను నేను కోరేది పెద్దదేమీ కాదు. కథ పూర్తయ్యాక 'వ్యవస్థ' అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడండి. అక్కడ కొట్టేసి, ఆ చోట ఎవరు వున్నారో, వాళ్లేం చేశారో, ఏ భయంతో ఏ లాభానికి చేశారో రాయండి. రైతు ఏం నిర్ణయించుకున్నాడో, ఇంకేం నిర్ణయించుకోగలిగేవాడో రాయండి. చనిపోయినవాడి భార్య మర్నాడు షావుకారు దగ్గరికి వెళ్లి ఏమని మాట్లాడిందో రాయండి. ఆ వరసలో ఎక్కడో ఒకచోట మీరు కూడా నిలబడి వుంటారు. కథలోంచి ఆ మనిషిని తీసేయకండి.